అరటిపండు రాకాసి

అలియాబాద్,
28 జనవరి 2025

అల్మాస్,

మా గెలుపును పట్టపగలు దొంగిలించారు. దొంగిలించినవాడు మన వ్యాయామం సారు వీరభద్రం. పేరు దాచాల్సిన అవసరం నాకు లేదు, అందుకే ముందే రాసేశాను.

ఈ కాలంలో పోస్టులో ఉత్తరమేందని నవ్వుకుంటావు. నా ఫోన్ బాపు బీరువాలో ఉంది. "పరీక్షలు అయ్యేదాక బంద్" అన్నాడు. అసలు కారణం ఇంటర్ పరీక్షలు కాదు, ఇరవై ఆరో తారీఖు సాయంత్రం ఊరి గ్రూపులో నేను పెట్టిన పదకొండు మెసేజీలు. నువ్వు జవాబు మా అవ్వ యాదవ్వ పేరు మీద రాయి. పోస్టుమ్యాన్ చేతికిస్తే కొంగున ముడేసుకుని తెచ్చిస్తుంది. ఆ ముడి విప్పమని అడిగే ధైర్యం బాపుకు లేదు.

జరిగింది విను. జెండా ఎగరేశాక మగపిల్లల కబడ్డీ పొద్దున చల్లగా ఉన్నప్పుడే అయిపోయింది. మాకు రెండు గంటల ఎండ ఇచ్చారు. షామీర్‌పేట జట్టు వచ్చింది, వాళ్ల కెప్టెన్ మనోరమ. గట్టి జట్టు, అబద్ధం చెప్పను. ఆఖరి కూతకు మన భవిత వెళ్లింది. ముగ్గురు మీదపడి నడుం పట్టుకుంటే ముగ్గురినీ గీత దాకా ఈడ్చుకొచ్చింది. మోకాలు చీరుకుపోయింది, కూత మాత్రం తెగలేదు. ముప్పై నాలుగు, ఇరవై తొమ్మిది. మేం గెలిచాం.

కెప్టెన్‌గా సంతకం పెడదామని బల్ల దగ్గరికి ఉరికాను. షీటులో బాలుర గడులన్నీ నిండి ఉన్నాయి. బాలికలు అని రాసిన చోట కింద తెల్లగా ఉంది. ఒక్క అంకె లేదు.

"సార్, మా స్కోరేది?"

"మీకు స్కోర్ ఎందుకమ్మా? ఆడివిల్లలది ఆటల అరటిపండు లెక్క. మంచిగ ఉరికిండ్రు, మంచిగ నవ్విచ్చిండ్రు. పోయి బిస్కెట్లు తీసుకోండ్రి."

"జిల్లా సెలక్షన్ ఉంది సార్. మేడ్చల్‌కు షీట్ పంపాలె."

"ఏం మ్యాచ్ అయిందని పంపాలె? గది ఎగ్జిబిషన్. జనం సూడనీకి వెట్టినం."

"గా చాయ్ తాగుకుంట కూసున్న జనమా?"

"నోరు జర దగ్గర వెట్టుకో. జనార్ధన్ బిడ్డవని ఊకుంటున్న."

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. వార్డు మెంబరు నవ్వాడు, పొద్దున ఓడిపోయిన పోరగాళ్లు నవ్వారు, ప్లాట్లమ్మే మా బాపు దోస్తులు నవ్వారు. బల్ల దగ్గర ఒక మనిషి కూర్చున్నాడు. చేతిలో పెన్ను కూడా ఉంది. వీరభద్రం రాయొద్దన్నాడు, ఆయన రాయలేదు. ఆ మనిషి గురించి ఇప్పుడేమీ రాయను.

షీటు లేకపోతే మేం ఆడనట్టే. ఆడకపోతే సెలక్షన్ లేదు. వచ్చే ఏడాదికి నాకు, భవితకు వయసు దాటిపోతుంది. అంటే ఈ ఒక్క కాగితంతో మా ఆట ముగిసింది. అన్యాయాన్ని చూసి ఊరుకున్నవాడు అన్యాయం పక్షాన నిలబడ్డట్టే అని నేను చదివాను. ఆ రోజు గ్రౌండంతా అదే పక్షం.

నువ్వు బొమ్మలకు నడక నేర్పే చదువు చదువుతున్నావు కదా. మా పక్కింటి పిల్లలకు ఫోన్‌లో రాకాసి బొమ్మలు ఆడిస్తే తప్ప ముద్ద దిగదు. వాళ్ల అమ్మలూ నాయినలూ పక్కన కూర్చుని అవే చూస్తారు. నా మెసేజ్ చదవని ఊరు రాకాసిని చూస్తుంది. మాకు ఒక రాకాసిని చెయ్యి.

ఆమని

—

అల్వాల్,
2 ఫిబ్రవరి

ఆమనీ,

నీ కవరు చూసి మా ఖాలా, అదే మా పిన్ని, భయపడింది. "ఏందిది, వకీల్ నోటీసా?" అంది. ఉత్తరం కూడా అట్లనే ఉంది. బస్టాండు దగ్గర కొన్న ఆ ఉద్యమాల సన్న పుస్తకాలన్నీ చదివి 'బాగున్నావా' అని అడగడం మరిచిపోయావు. నేను బాగున్నాను.

కానీ ఆ మాట చదివాక నాకూ అన్నం దిగలేదు. ఆటల అరటిపండు! దాగుడుమూతల్లో మరీ చిన్నపిల్లలు ఏడవకుండా మనమే ఆ పేరు పెట్టి కలుపుకునేవాళ్లం. దొరికినా వాళ్లు దొంగ కారు, గెలిచినా గెలిచినట్టు కాదు. మనతో పాటు ఉరుకుతారు, అంతే. ఐదేళ్ల పిల్లకు అది ముద్దు పేరు. పదిహేడేళ్ల కెప్టెన్‌కు అది తిట్టు. పోయిన ఏడాది దాకా మూలన నిలబడి పట్టు పట్టినదాన్ని, ఆ తిట్టు నాకు కూడా తగిలింది.

సరే, చేస్తాను. రాకాసి పేరు ఆయనే పెట్టాడు, అరటిపండు రాకాసి. ఒళ్లంతా పసుపు, మెత్తగా, జారుడుగా ఉంటుంది. గ్రౌండు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటుంది. ఆడపిల్ల పాయింటు తెచ్చినప్పుడల్లా "అరటిపండు" అంటుంది. ఆ పిల్ల పసుపుపచ్చగా మారిపోతుంది, ఆమె తల మీద వెలిగిన అంకె గాలిలో జారి రాకాసి నోట్లో పడుతుంది. పొట్టలో అంకెలు గలగలమంటుంటాయి.

కొమ్ములూ కోరలూ పెట్టమని అడగకు. కొమ్ములుంటే పిల్లలు నవ్వి వదిలేస్తారు. మామూలు మనిషి చేసే పని రాకాసి చేస్తేనే భయమేస్తుంది. ఒక్క సెకనుకు పన్నెండు బొమ్మలు గీయాలి, వంద సెకన్లకు పన్నెండు వందలు. ఉత్త కోపంతో అన్ని గీయలేను, నాకు చేతులు కావాలి, కదలిక కావాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్న మనిషి ఏం చేశాడు? ఎట్లా కూర్చున్నాడు? వివరంగా రాయి. పేరు అక్కర్లేదు.

భవిత మోకాలు ఎట్లుంది?

అల్మాస్

—

అలియాబాద్,
5 ఫిబ్రవరి

అల్మాస్,

భవిత మోకాలు మానుతోంది. నా కోపం మానలేదు.

నిన్న కాలేజీ ఎగ్గొట్టి మేడ్చల్ వెళ్లాను. సెలక్షన్ పేర్లు రాసుకునే ఆయన్ని నిలదీశాను. "మీ సారు సంతకం మాకెందుకు? స్కోరర్ సంతకం, రెండు జట్ల కెప్టెన్ల సంతకాలుంటే సాలు. ఇరవై ఐదు తారీఖు లోపల తే" అన్నాడు. విన్నావా? వీరభద్రం ఏ అధికారం లేకుండానే మమ్మల్ని తుడిచేశాడు. ఆయన చేతిలో ఒక విజిల్ తప్ప ఏమీ లేదు. మిగిలిన బలమంతా మన భయమే ఇచ్చింది. మనోరమ సంతకం నేను తేగలను. ఇక కావలసింది ఆ బల్ల దగ్గరి మనిషి సంతకం.

ఆయన ఎట్లా కూర్చున్నాడని అడిగావు. ఎడమ మోకాలు మీద కుడికాలు. పెన్ను కుడి చెవి వెనక. మొదటి పాయింటుకు పెన్ను తీశాడు, మూత విప్పాడు. వీరభద్రం చెవిలో ఏదో అన్నాడు. ఆయన మూత మళ్లీ పెట్టాడు, టిక్కుమని. అదెందుకో ఆటలో ఉన్న నాకు అప్పుడు అర్థం కాలేదు. ఆ తర్వాత మేం పాయింటు తెచ్చిన ప్రతిసారీ కళ్లద్దాలు తీసి మెడలోని రుమాలు కొసతో తుడుచుకున్నాడు. ముందు ఎడమ అద్దం, తర్వాత కుడి అద్దం, ఒకసారి నోటి ఆవిరి, మళ్లీ ఎడమది. పెట్టుకునేసరికి పాయింటు అయిపోయి ఉంటుంది. చూడలేదు కాబట్టి రాయలేదు! ఆట తెలియనివాడైతే క్షమిస్తాను. ఒకప్పుడు తను కూడా కూతకు వెళ్లినవాడు, గీత తొక్కడమంటే ఏమిటో తెలిసినవాడు. అందుకే ఆయన మీద వీరభద్రం మీద కంటే ఎక్కువ మండుతోంది.

ఇదంతా బొమ్మలో పెట్టు. ఏదీ మెత్తబరచకు. చివర్లో రాకాసి కాలిపోవాలి.

ఆమని

—

అల్వాల్,
10 ఫిబ్రవరి

ఆమనీకి,

నిన్న ఆదివారం. యాప్రాల్‌లో ఏదో ఫంక్షన్‌కు మా టెంట్ హౌస్ కుర్చీలు దింపి మా అబ్బా ఇటు వచ్చాడు. నా గది గోడ నిండా రాకాసి బొమ్మలు వరుసగా అంటించి ఉన్నాయి. చాయ్ కప్పు పట్టుకుని ఒక్కొక్కటీ చూస్తూ పోయాడు. మధ్యలో ఆగాడు. కప్పు కింద పెట్టాడు. కళ్లద్దాలు తీసి రుమాలు కొసతో ఎడమ అద్దం తుడిచాడు. తర్వాత కుడిది. నోటి ఆవిరి. మళ్లీ ఎడమది.

ఖాలా పకపకా నవ్వింది. "అరే భాయ్, బొమ్మల మీరే ఉన్నరు!"

ఆయన నవ్వలేదు. "నేనే గద బేటా గీడ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. ఆయనే చెప్పాడు. "ఇరవై ఆరు తారీఖు బల్ల కాడ నేనే కూసున్న. ఆమని జెప్పలేదా?" కళ్లద్దాలు మళ్లీ పెట్టుకున్నాడు. "కండ్లద్దాల బొమ్మ మంచిగ తీసినవ్" అని, చాయ్ తాగకుండానే వెళ్లిపోయాడు.

ఆ కదలిక గీస్తున్నప్పుడు చెయ్యి ఎక్కడా తడుముకోలేదు. నాకు పని బాగా వచ్చేసిందని మురిసిపోయాను. పద్దెనిమిదేళ్లుగా ఇంట్లో చూస్తున్న కదలిక కాబట్టి వచ్చింది. చెవి వెనక పెన్ను చదివినా నాకు తట్టలేదు. రాకాసి గురించి చదువుతున్నప్పుడు ఎవరికైనా సొంత తండ్రి ఎందుకు గుర్తొస్తాడు?

నీకు తెలుసు. నా చేతులతోనే మా నాన్నను రాకాసిగా గీయించావు. నేను పేరు అక్కర్లేదన్నానని సాకు చెప్పకు, మొదటి ఉత్తరంలోనే దాచావు. ముఖం మీద చెబితే నేను గీయనని నీ భయం. అంటే నన్ను నమ్మలేదు. వీరభద్రం షీటులో ఒక గడి ఖాళీగా వదిలాడని ఊరంతా గోల చేస్తున్నావు. నీ ఉత్తరాల్లోనూ ఒక గడి ఖాళీగానే ఉంది.

ఇప్పటికి నాలుగు వందల బొమ్మలయ్యాయి. ఆపేశాను.

అల్మాస్

—

అలియాబాద్,
13 ఫిబ్రవరి

అల్మాస్,

నువ్వు రాసింది నిజం. దాచాను. నన్ను కోప్పడటానికి నీకు హక్కుంది, నేను దానికి తలవంచుతాను. కానీ షఫీ చిచ్చా చేసింది తప్పు కాదని మాత్రం నాతో అనిపించలేవు. మంచివాడు మూత పెట్టినా పెన్ను రాయదు.

నీ ఉత్తరం చదివి నేరుగా మీ టెంట్ హౌస్‌కు పోయాను. చిచ్చా కనాతు గుడ్డలు మడత పెడుతున్నాడు. చెప్పాల్సినవన్నీ దారిలో కూడబలుక్కున్నాను. ఆయన్ని చూడగానే సగం మరిచిపోయాను.

"రా ఆమనీ. చాయ్ తాగుతవా?"

"చాయ్ వద్దు చిచ్చా. సంతకం కావాలె."

"దేని మీద?"

"స్కోర్ షీట్ మీద. ముప్పై నాలుగు, ఇరవై తొమ్మిది. రాసి సంతకం వెట్టుండ్రి."

ఆయన కనాతు పక్కన పెట్టాడు. "సారు రాయకన్నడు. ఊళ్లె జెండా పండుగైనా పెండ్లయినా టెంటు ఎవరిదో సారూ ఆయన దోస్తులే జెప్తరు. నేను మూత వెట్టిన. గంతే బిడ్డా, ఇంక దానికి పెద్ద కథ లేదు."

"అయితే ఇప్పుడు మూత తియ్యుండ్రి."

"నువ్వు ఇరవై తొమ్మిది అంటున్నవ్. షామీర్‌పేట పిల్ల మనోరమ గా దినం బల్ల కాడికొచ్చి ముప్పై ఒకటి అన్నది. నేను సూస్తనే లేను, నాకేం యాదికుంటది? గా దినం రాయకపోవుడు తప్పు. ఇయ్యాల రాసుడు అబద్ధం. రెండూ నాతోని జేయియ్యకు."

"మరి మా సెలక్షన్?"

"మల్ల ఆడుండ్రి. అందరి ముంగట కూసొని కూత కూతకు రాస్త. సారొచ్చి చెవుల జెప్పినా రాస్త."

"ఓడిపోతే?"

"ఓడిపోయిండ్రని రాస్త."

కుర్చీని తన్ని బయటికొచ్చాను. అవును, మీ కుర్చీనే. ఇంటికొచ్చి అవ్వతో చెప్పుకుంటే ఆమె నా మీదే విరుచుకుపడింది. "గెలిచినమని గింత లొల్లి జేసినవ్ గదనే? గెలిచేటోళ్లకు మల్ల ఆడుమంటే కాళ్లల్ల వణుకెందుకు?"

రాత్రంతా మండాను. తెల్లారేసరికి వేరే విధంగా మండుతున్నాను. మా గెలుపు మాకు నోటిలెక్కే. ఇరవై తొమ్మిదో, ముప్పై ఒకటో మాలో మాకే తేలదు. వీరభద్రం దొంగిలించింది ఒక కాగితం కాదు. మేం ఎంత ఆడామో మాకే తెలియకుండా చేశాడు.

నువ్వు గీయకపోయినా సరే, నేను మళ్లీ ఆడతాను. గీస్తే చివరి సంగతి నీ ఇష్టం. కాల్చమని ఇక అడగను.

క్షమించమని రాయడం నాకు చేతకాదు. అయినా రాస్తున్నాను. క్షమించు.

ఆమని

—

అల్వాల్,
17 ఫిబ్రవరి

ఆమనీ,

కుర్చీ సంగతి అబ్బా చెప్పాడు. "కాలు నొచ్చిందేమో, పిల్ల చెప్పుల్లేకుండ తన్నింది" అన్నాడు. నేను నవ్వాను. నవ్వినందుకు నిన్ను క్షమించినట్టు అనుకోకు. ఇంకా సగమే.

ఫోన్‌లో ఆయన్ని అడిగాను, మొహం మార్చనా అని. వద్దన్నాడు. "నిజమే తీసినవ్, మార్చకు. గని బేటా, కుర్చీల కూసున్నది నేనొక్కన్నే. నా ఎన్కాల నిలవడి నవ్వినోళ్లేరి? గా నవ్వు ఇనే నేను తలకాయ దించిన. వాళ్లను తియ్యలేదేంది?"

గీసిన బొమ్మలన్నీ మళ్లీ ముందేసుకున్నాను. ఆయనన్నది నిజం. రాకాసికి తిండి పెట్టేది నవ్వు. ఇప్పుడు దాని వెనక నూరు నోళ్లున్నాయి, మొహాలు లేవు, ఉత్త నోళ్లు. అవి నవ్వినప్పుడల్లా రాకాసి ఉబ్బుతుంది. పిల్లలు కూతకు వెళ్తారు, పాయింటు తెస్తారు, పసుపుపచ్చగా అవుతారు, మళ్లీ వెళ్తారు. చివరికి ఒక పిల్ల కూత పెడుతూ రాకాసిని దాటేసి తిన్నగా ఆ నోళ్ల ముందుకు పోయి నిలబడుతుంది. కూత ఆపదు. ఒక్కొక్క నోరూ మూసుకుంటుంది. రాకాసి చిన్నదవుతూ చిన్నదవుతూ కుర్చీలో ఒక మామూలు మనిషి మిగులుతాడు. పొట్టలోని అంకెలన్నీ మట్టిలో పడి ఉంటాయి, ఏది ఎవరిదో తెలియదు. ఆ మనిషి ముందు ఖాళీ షీటు. అక్కడితో ఆపేశాను. ఎవరు గెలిచారో బొమ్మ చెప్పదు.

కూత నా గొంతే. గదిలో పెడితే కింది ఇంటివాళ్లు పైకొచ్చారు, ఎవరికో దయ్యం పట్టిందని.

గీసిన కదలికల్నే మళ్లీ మళ్లీ వాడుకున్నాను. వంద సెకన్లు అనుకున్నాను, నూట నాలుగు వచ్చింది. భవిత ఫోన్‌కు పంపాను. నువ్వు ఎట్లాగైనా చూడు.

అల్మాస్

—

అలియాబాద్,
20 ఫిబ్రవరి

ప్రియమైన అల్మాస్,

ఏడుసార్లు చూశాను. ఎనిమిదోసారి భవిత ఫోన్ లాగేసుకుంది.

ఇప్పుడు నీ రాకాసి ఊళ్లో తిరుగుతోంది. అంగన్‌వాడీ పిల్లలు దాన్ని చూసి అన్నం తింటున్నారు. క్రికెట్ ఆడే పోరగాళ్లు క్యాచ్ వదిలేసినవాణ్ణి "అరటిపండు" అంటున్నారు. నిన్న ఎవరో వీరభద్రం సారు బండి సీటు మీద ఒక డజను అరటిపండ్లు పెట్టిపోయారు. నేను కాదు. నేనైతే కాయలు పెట్టేదాన్ని.

ఆయన కాలేజీ గేటు దగ్గర నన్ను ఆపాడు. "ఏందమ్మా, నన్ను రాకాసిని జేసిండ్రట?"

"మీరు అండ్ల లేరు సార్. జర మంచిగ సూడుండ్రి."

"మరి ఎవరున్నరు?"

"నవ్వినోళ్లున్నరు."

ఆయన మొహం ఎర్రబడింది. ఆదివారం గ్రౌండు క్రికెట్‌కు ఇచ్చేశానన్నాడు. విజిల్ ఇవ్వనన్నాడు, సున్నం ఇవ్వనన్నాడు. గ్రౌండు ఆయన సొంతం కాదు, పంచాయతీది. సున్నం లేకపోతే ప్రతి ఇంట్లో ముగ్గుపిండి ఉంది. గీతలు గీయడం ఈ ఊళ్లో ఆడపిల్లలకు ఎవరూ నేర్పక్కర్లేదు.

ముఖ్యమైన సంగతి. మనోరమ వచ్చింది, షామీర్‌పేట నుంచి ఆటోలో, తన జట్టు మొత్తాన్ని ఎక్కించుకుని. నీ బొమ్మ వాళ్ల దాకా పోయిందట. నేను బతిమాలాల్సి వస్తుందనుకున్నాను. ఆమె గేటులోనే నిలబడి అంది: "మీ గెలుపు రాయలేదని నువ్వు ఏడుస్తున్నవ్. మా ఓటమి గూడ రాయలేదు. మేం గూడ ఆడనట్టే అయింది. ఆదివారం మేమొస్తం. ఈసారి గెలుస్తం, సూస్కో."

గెలుస్తారేమో. భవిత మోకాలు ఇంకా పూర్తిగా వంగడం లేదు. ఓడిపోతే మేడ్చల్‌కు పోయేది మనోరమ జట్టు, మాకిదే ఆఖరి ఆట. అయినా ఆడతాం. రాయని గెలుపు పట్టుకుని ఊరేగే కన్నా రాసిన ఓటమి కింద సంతకం పెడతాను. రెండు రోజులుగా ఈ మాటే అనుకుంటున్నాను, వెనక్కి పోవడం లేదు.

షఫీ చిచ్చా గ్రౌండులో టెంటు వేస్తానన్నాడు. లోపల చీకటి ఉండేట్టు నాలుగు వైపులా కనాతులు కట్టి ముందు నీ బొమ్మ చూపిస్తాం. తర్వాత ఆయన బల్ల వేసుకుని కూర్చుంటాడు.

క్రికెట్ వాళ్లు ముందే వచ్చి గ్రౌండులో నిలబడితే పద్నాలుగు మందిమి ఏం చేయగలం? జనం కావాలి. కింద రాసింది అల్వాల్‌లో నలభై కాపీలు తీయించి తీసుకురా. నువ్వు కూడా రావాలి. సగం క్షమించావు కదా, ఆ సగంతోనే రా.

ఆమని

అలియాబాద్, షామీర్‌పేట, మేడ్చల్ ఆడపిల్లలకు, వాళ్ల అమ్మలకు, అవ్వలకు, సిగ్గున్న నాయినలకు:

జనవరి ఇరవై ఆరున మన గ్రౌండులో పద్నాలుగు మంది ఆడపిల్లలు నలభై నిమిషాలు కబడ్డీ ఆడారు. వాళ్ల మోకాళ్లు చీరుకుపోయాయి. వాళ్ల ఆటను వీరభద్రం సారు రాయనివ్వలేదు. ఆటల అరటిపండు అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆ రోజు నవ్వినవాళ్లను కూడా పిలుస్తున్నాం. వచ్చి మా ముందు నిలబడండి.

మాకు కప్పు అక్కర్లేదు, శాలువా అక్కర్లేదు, బిస్కెట్ ప్యాకెట్ అక్కర్లేదు. తెచ్చిన ప్రతి పాయింటూ, పోగొట్టుకున్న ప్రతి పాయింటూ అందరి ముందూ రాయాలి. ఎవరు గెలిస్తే వాళ్ల పేరు మేడ్చల్‌కు పోవాలి. గ్రౌండు మాది కాదని ఎవరైనా అడ్డం వస్తే మీరు మా పక్కన నిలబడాలి. ముగ్గుపిండి గుప్పెడు తెచ్చుకోండి, గొంతులు తెచ్చుకోండి.

ఆదివారం, ఫిబ్రవరి ఇరవై మూడు. అలియాబాద్ బడి పక్క గ్రౌండు. మూడున్నరకు టెంటులో బొమ్మ.

సరిగ్గా నాలుగు గంటలకు మొదటి కూత. రండి.